ముప్పై ఏడో గడి

పదిన్నరకు కరెంటొచ్చింది.
నస్రీన్ మేడం అద్దం బిళ్లను దూది తోటి తుడిచి
కెమెరా కింద పెట్టింది.
అరచేతి కన్నా చిన్నది. దాని మీద రాగి గడులు,
అడ్డం ఎనిమిది, నిలువు పన్నెండు.
పైన పల్చటి నూనె పూత.

నేను అటెండర్ను. తాళాలు తీస్త, సీసాలు కడుగుత.
నల్లగొండకు రాకముందు పుట్టపాకల
ఇరవై రెండేండ్లు మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్నోణ్ని.
గడులు కనవడితె నా వేళ్లు ఊకుండవు.
మా నాయిన గళ్ల కాయితం మీద
ఇట్లనే పెన్సిలు చుక్కలు పెట్టేటోడు:
ఏ పోగుకు ఏడ రబ్బరు కట్టాలె,
ఏడ రంగు తాగాలె,
ఏడ తాగొద్దు.

తలుపు కాడ స్టూలు మీద అండాలవ్వ.
మర్రిగూడ దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.
మోకాళ్లు వంగవు, కాళ్లు బార చాపి కూసున్నది.
"నా నీళ్లు ఎన్ని తీసుకున్నరు?"
"ఒక్క చుక్క, అవ్వా. ఆవగింజల సగం."
"మరి సీసెడు ఎందుకు తెమ్మన్నట్టు?
ఒళ్లె వెట్టుకొని మోసుకొచ్చిన గద."

చుక్క మొదటి గడిల కూసున్నది.
ఎవ్వరు ముట్టలేదు.
ముందరి గడికి కరెంటు వచ్చింది, అంతే.
చుక్క మెడ చాపింది, ఒరిగింది, పోయింది,
తుమ్మ కొమ్మ చూపిస్తె మేక పిల్ల పోయినట్టు.
ఎనక గడి ఆరింది, ముందరిది ఎలిగింది.
కంప్యూటర్ల ఒక కన్ను దాన్నే చూస్తది:
ఉన్నదా, కదిలిందా, ఎంత తరిగింది.
మే నెల ఎండ. చుక్క కూడా ఎండకు చిక్కిపోతది.

ముప్పై ఏడో గడి కాడ ఆగింది.

కన్ను చూసింది. వోల్టులు పెంచింది.
అరవై. ఎనభై. తొంభై.
చుక్క వణికింది గని కాలు తియ్యలె.
"ఇంక పెంచితె పూత కాలుతది" అన్నది మేడం, నుదురు పట్టుకొని.
నేను మాట్లాడొద్దు. మాట్లాడిన.
"గుంజకుండ్రి మేడం.
పోగు చిక్కితె మేము గుంజం.
ఎనక్కి వదులుతం. జెర ఆగుతం. మల్ల."

నన్ను చూసింది. టకటక ఏదో కొట్టింది.
చుక్క ముప్పై ఆరుకు పోయింది, ముప్పై ఐదుకు పోయింది,
ఊపిరి తీసుకున్నట్టు ఆగింది,
ఇగ వచ్చి, ముప్పై ఏడును
పట్టించుకోనట్టే దాటింది.
ఆ లైనుకు నా పేరు పెట్టిందట.
తెర మీద చూపించింది.
ఇంగిలీషుల ఇస్తారి ఎట్లుంటదో నాకేం తెలుసు,
ఆరేడు అక్షరాలు, ఎనకాల ఒక చుక్క.

యాభై రెండో గడిల ఎర్ర చుక్క కాసుకొని ఉన్నది.
"అలిజరిన్" అన్నది మేడం.
దాన్ని నాకు చెప్పాల్నా?
ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల, నూనెల,
మా నాయినమ్మ దినాం పోగులు పిసికి పిసికి
ఆ ఎరుపును తేలియా రుమాలుకు ఎక్కించేది.
బట్ట చినుగుతది గని రంగు చావదు, అనేది.
ఆమె చెయ్యి పెట్టిన రుమాలు నా పెట్టెల ఇంకా
నూనె వాసన కొడుతది.

రెండు చుక్కలు ఒక్కటైనయి.
నాలుగు గడుల మీద గుండ్రంగ తిరిగినయి.
గుటక మింగినంత సేపు.
ఎరుపు పోయింది.
పచ్చగ, పాత పసుపు లెక్క.

నేను బల్ల పట్టుకున్న.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?" తలుపు కాడి నుంచి.
"నాలుగున్నర."
"ఎంతకు?"
మేడం తల ఎత్తలేదు. నేనే చెప్పిన:
"ఒకటిన్నర దాటొద్దవ్వా."
"అట్లనా" అని నవ్వింది అండాలవ్వ,
పండ్ల మీద గోధుమ రంగు గీతలు కనవడంగ.
"అయితె మా బోరుకు మస్తు మార్కులు."

గోడ పట్టుకొని లేచింది. లేవనీకె
చుక్క ముప్పై ఏడు దాటినంత సేపు పట్టింది.
"మిగిలిన సీస ఇయ్యి నాయినా,
బస్సుల దూపైతది."

సింకుల ఒంపిన.
క్యాను కింద పెట్టి నింపిన, మూత బిగిచ్చిన.
ఆమె ఒక గుటక తాగి చూసింది.
"సప్పగున్నయ్" అన్నది.